క్లిప్పులు పళ్లను సరిచేస్తాయి.. కాపాడుకోవాల్సింది మీరే!

ప్లేస్‌మెంట్ల సీజన్ వచ్చేలోపు పళ్ల వరస బాగుపడాలని క్లిప్పులు వేయించుకున్నారు. ఏడాదిన్నర ఓపిక పట్టారు. ఫ్రెండ్స్ ఏడిపించినా నవ్వి ఊరుకున్నారు. పండక్కి ఇంటికెళ్తే జంతికలు కూడా ముట్టలేదు. తీసేసే రోజు రానే వచ్చింది. డాక్టర్ అద్దం చేతికిచ్చారు. పళ్లన్నీ గీత గీసినట్టు వరసలో ఉన్నాయి. కానీ ప్రతి పన్ను మీదా, బ్రాకెట్ అంటించిన చోటు చుట్టూ సున్నం పూసినట్టు తెల్లటి మచ్చలు! చిగుళ్లు ఉబ్బి ఎర్రగా ఉన్నాయి. బ్రష్ తగిలితే రక్తం!

ఇలాంటి అనుభవం ఎదురైన విద్యార్థులు తక్కువేం కాదు. అలాగని క్లిప్పులు పళ్లను పాడుచేస్తాయనుకోవద్దు. ఆ మచ్చలకు కారణం బ్రాకెట్ల చుట్టూ నెలల తరబడి నిలిచిపోయిన పాచి. దాన్ని తీయాల్సింది నెలకోసారి చూసే డాక్టర్ కాదు, రోజూ అద్దం ముందు నిలబడే మీరే. అమ్మ చీటీ పాడి ఇచ్చిన డబ్బుతోనో, నాన్న పంట అమ్మి పంపిన డబ్బుతోనో మొదలైన చికిత్స ఇది. ఫలితం చేతికందేవేళ చేజారకుండా ఏం చేయాలో చూద్దాం.

రెండేళ్ల లెక్క ముందే వేసుకోండి

ఎత్తు పళ్లు, వంకర పళ్లు, పళ్ల మధ్య సందులు సరిచేయడానికి మామూలుగా 18 నుంచి 24 నెలలు పడుతుంది. సమస్య పెద్దదైతే ఇంకాస్త ఎక్కువ. డిగ్రీ రెండో ఏడాదిలోనో, ఇంజినీరింగ్ మూడో ఏడాదిలోనో మొదలుపెట్టారనుకోండి. ప్రాజెక్టు పని, కోచింగ్, పోటీపరీక్షలు, ఇంటర్వ్యూలు, మొదటి ఉద్యోగం.. అన్నీ నోట్లో తీగ ఉండగానే వచ్చిపడతాయి. జీవితంలో అత్యంత హడావుడిగా ఉండే రోజులు, పళ్లను అత్యంత శ్రద్ధగా చూసుకోవాల్సిన రోజులు ఒకటే అవుతాయన్నమాట. చాలామంది దెబ్బతినేది ఇక్కడే. ‘పరీక్షలయ్యాక చూద్దాంలే’ అని రెండు నెలలు వదిలేస్తారు. పాచికి ఆ రెండు నెలలు చాలు.

చికిత్స ఎవరి దగ్గర చేయించుకుంటున్నారన్నదీ ముఖ్యమే. ఐదేళ్ల బీడీఎస్ తర్వాత పళ్ల వరస సరిచేయడంలోనే మూడేళ్లు ఎండీఎస్ చేసినవారిని ఆర్థోడాంటిస్ట్ అంటారు. ఫీజు భారమైతే దంత వైద్య కళాశాలల ఆసుపత్రులున్నాయి. హైదరాబాద్, విజయవాడ, కడపల్లో ప్రభుత్వ డెంటల్ కాలేజీలున్నాయి. ఎక్కడైనా సరే మొదటిరోజే మూడు విషయాలు అడగండి. మొత్తం ఫీజు ఎంత? బ్రాకెట్ ఊడితే మళ్లీ అంటించడానికి విడిగా కట్టాలా? చివర్లో ఇచ్చే రిటైనర్ ఖర్చు ఇందులో కలిసి ఉందా? సమాధానాలు కాగితం మీద రాయించుకుంటే తర్వాత మాటపట్టింపులుండవు.

వీడియోలు చూసి పళ్ల సందు తగ్గించుకుందామని రబ్బరు బ్యాండు చుట్టుకునేవాళ్లూ ఉన్నారు. ఆ పని అస్సలు చేయొద్దు. రబ్బరు మెల్లగా జారి చిగురులోకి దిగుతుంది. వేరు చుట్టూ ఉన్న ఎముకను తినేస్తుంది. చివరికి బాగున్న పన్నే ఊడిపోవచ్చు.

పన్ను కదలడమంటే ఏంటి?

పన్ను ఎముకలో సిమెంటు పోసి పాతినట్టు ఉండదు. వేరుకీ ఎముకకీ మధ్య సన్నని నారపొర ఒకటి ఉంటుంది. తీగ పన్నును ఒక పక్కకు నెమ్మదిగా నెడుతుంది. నెట్టిన వైపు ఎముక కొద్దికొద్దిగా కరుగుతుంది. వెనక ఖాళీ అయిన వైపు కొత్త ఎముక పుడుతుంది. అంతా సవ్యంగా సాగితే నెలకు పన్ను కదిలేది దాదాపు ఒక మిల్లీమీటరు. అందుకే ‘తీగ ఇంకాస్త బిగించండి డాక్టర్, తొందరగా అయిపోతుంది’ అని అడిగినా లాభం లేదు. బలం ఎక్కువైతే మేలు కన్నా కీడే ఎక్కువ.

ఇక్కడ గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటుంది. కొత్త ఎముక పుట్టాలంటే చిగుళ్లు ఆరోగ్యంగా ఉండాలి. చిగుళ్ల జబ్బు ముదిరిన నోట్లో పళ్లను జరిపితే ఎముక కరగడమే జరుగుతుంది కానీ తిరిగి రావడం కష్టం. చిగుళ్లు బాగా వాచి ఉంటే డాక్టర్ తీగ మార్చకుండా ‘ముందు శుభ్రం చేసుకుని రండి’ అని పంపించేది అందుకే. అలా పోయిన ప్రతి నెలా మీ చికిత్సకు అదనంగా కలుస్తుంది.

పాచి ఎంత తొందరగా పని చేస్తుందంటే..

1965లో డెన్మార్క్‌లోని ఆర్హస్ నగరంలో హరాల్డ్ లో అనే దంత శాస్త్రవేత్త ఒక ప్రయోగం చేశారు. చిగుళ్లు ఆరోగ్యంగా ఉన్న 12 మందిని తీసుకున్నారు. వారిలో ఎక్కువమంది మీలాంటి విద్యార్థులే, అదీ డెంటల్ కాలేజీ విద్యార్థులు. అందరూ పళ్లు తోముకోవడం మానేశారు. 10 నుంచి 21 రోజుల్లో ఒక్కరూ మిగలకుండా అందరికీ చిగుళ్లు వాచాయి. మళ్లీ తోముకోవడం మొదలుపెట్టాక దాదాపు వారంలో మామూలైపోయాయి. చిగుళ్ల వాపుకు మూలం పాచేనని తేల్చిన ప్రయోగం ఇది.

వాళ్లకు క్లిప్పులు లేవు. మీకు ప్రతి పన్నుమీదా ఒక బ్రాకెట్, దాని చుట్టూ రబ్బరు, మధ్యలోంచి తీగ. పాచి దాక్కోవడానికి ఎన్ని మూలలో చూడండి! మామూలుగా నాలుక, పెదవులు, లాలాజలం కొంత శుభ్రం చేస్తుంటాయి. తీగ అడ్డం ఉంటే ఆ పనీ సరిగా జరగదు.

పాచిలోని సూక్ష్మజీవులు మనం తిన్న చక్కెరను ఆమ్లంగా మారుస్తాయి. పన్ను పైపొర ఎనామిల్. నోట్లో పీహెచ్ దాదాపు 5.5 కంటే తగ్గితే దాంట్లోని ఖనిజాలు కరగడం మొదలవుతుంది. బ్రాకెట్ అంచున ఇలా కరిగిన చోటే తెల్ల మచ్చగా కనిపిస్తుంది. శుభ్రత బొత్తిగా లేకపోతే నాలుగు వారాల్లోనే ఈ మచ్చ మొదలుకావచ్చు. ఎనామిల్‌లో జీవకణాలు ఉండవు కాబట్టి చర్మంలా మళ్లీ పెరగదు. మచ్చ చిన్నగా ఉన్నప్పుడే పట్టుకుంటే లాలాజలం, ఫ్లోరైడ్ సాయంతో కొంత గట్టిపడుతుంది. నిర్లక్ష్యం చేస్తే గుంట పడి పుచ్చిపోతుంది.

నల్గొండ, ప్రకాశం జిల్లాల్లాంటి ఫ్లోరైడ్ నీళ్ల ప్రాంతాల్లో పెరిగారా? అయితే మీ పళ్లమీద తెలుపు, గోధుమ రంగు మచ్చలు ముందునుంచే ఉండొచ్చు. అవి వేరు, ఇవి వేరు. మీరు ఏ ఊరి నీళ్లు తాగి పెరిగారో డాక్టర్‌కు ముందే చెప్పండి. అలాంటి పన్నుమీద బ్రాకెట్ అతుక్కునే తీరులో తేడా ఉండొచ్చు. క్లిప్పులు వేయకముందు పళ్ల ఫొటోలు తీయించి ఒక కాపీ మీ ఫోన్లోనూ పెట్టుకోండి. ఏ మచ్చ పాతదో, ఏది కొత్తదో తర్వాత తేల్చుకోవడం సులువు.

రాత్రి పది నిమిషాలు ఇవ్వగలరా?

‘రోజూ రెండుసార్లు తోముతూనే ఉన్నాగా’ అంటారేమో. క్లిప్పులు లేనప్పుడు తోమినట్టు తోమితే కుదరదు. బ్రష్ బ్రాకెట్ మీద నుంచి జారిపోతుంది తప్ప దాని పైనా కిందా చేరదు. ఈ వరుస పాటించి చూడండి.

ముందు నీళ్లతో గట్టిగా పుక్కిలించండి. ఇరుక్కున్న మెతుకులు, పీచు సగం అక్కడే పోతాయి. చేత్తో తీసి పెట్టుకునే రబ్బర్లుంటే తీసేయండి.

తర్వాత మెత్తటి బ్రష్ తీసుకోండి. క్లిప్పులున్నవాళ్లకోసం మధ్యలో కుచ్చు తక్కువ ఎత్తుండే ఆర్థో బ్రష్‌లు మెడికల్ షాపుల్లో దొరుకుతాయి. లేకపోతే మామూలు మెత్తటి బ్రషైనా ఫర్వాలేదు. మొదటి చుట్టు, చిగురూ పన్నూ కలిసే గీత మీద బ్రష్‌ను కాస్త ఏటవాలుగా ఆనించి చిన్న చిన్న కదలికలతో తోమండి. రెండో చుట్టు, బ్రష్‌ను పైనుంచి కిందికి వంచి బ్రాకెట్ పై అంచు. మూడో చుట్టు, కిందినుంచి పైకి వంచి బ్రాకెట్ కింది అంచు. ఆ తర్వాత నమిలే భాగం, లోపలి వైపు. నోటిని నాలుగు భాగాలుగా అనుకుని ఒక్కో భాగానికి ఒక నిమిషం ఇవ్వండి. ఎక్కడ మొదలుపెట్టారో రోజూ అక్కడే మొదలుపెడితే ఏ పన్నూ తప్పిపోదు.

మూడోది, సందుల బ్రష్. సీసాలు కడిగే బ్రష్‌కు చిట్టి తమ్ముడిలా ఉంటుంది. తీగ కిందినుంచి దూర్చి రెండు బ్రాకెట్ల మధ్య నాలుగైదుసార్లు ఆడించండి. పెద్ద బ్రష్ చేరలేని చోటు ఇదే. తెల్ల మచ్చలు ఎక్కువగా మొదలయ్యేదీ ఇక్కడే. వారానికి ఒక్కసారి సినిమా చూస్తూ చేసే పని కాదిది, రోజూ చేయాలి.

చివరిగా ఫ్లాస్ దారం. తీగ ఉండటంతో మామూలు దారం దూరదు. చివర గట్టిగా సూదిలా ఉండే దారాలొస్తాయి. లేదంటే దారం ఎక్కించుకునే ప్లాస్టిక్ సూదులు దొరుకుతాయి. మొదట్లో చిరాకేస్తుంది. పది రోజులకు చెయ్యి అలవాటుపడుతుంది.

పేస్టు ఏది? కంపెనీ పేరు కన్నా దాంట్లో ఫ్లోరైడ్ ఉందా లేదా అన్నది చూడండి. మన దగ్గర పేస్టుల్లో 1000 పీపీఎం వరకు ఉంటుంది, అట్ట మీద రాసి ఉంటుంది. తోమాక నురగ ఉమ్మేసి, గ్లాసుల కొద్దీ నీళ్లతో కడిగేయకుండా వదిలేస్తే ఫ్లోరైడ్ ఇంకాసేపు పన్ను మీద నిలుస్తుంది. మచ్చలు మొదలైనవారికి డాక్టర్ ఫ్లోరైడ్ మౌత్‌వాష్ రాయొచ్చు. క్లోర్‌హెక్సిడిన్ ఉన్న మౌత్‌వాష్‌ను మాత్రం సొంతంగా నెలలకు నెలలు వాడొద్దు, పళ్లకు గోధుమ రంగు పడుతుంది. బొగ్గు పొడి, ఉప్పు, ఇటుక పొడి జోలికి పోవద్దు. వేపపుల్ల మంచిదే కావచ్చు. క్లిప్పులున్న నోటితో దాన్ని నమిలితే బ్రాకెట్ ఊడివస్తుంది.

పొద్దున హడావుడిలో ఎంత కుదిరితే అంత చేయండి. రాత్రి మాత్రం రాజీ వద్దు. నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది. పాచితో పడుకుంటే దానికి ఎదురు చెప్పేవాళ్లే ఉండరు. హాస్టల్లో పదకొండింటికి నిద్ర ముంచుకొస్తుంది కాబట్టి మంచమెక్కే ముందు అని పెట్టుకోకండి. మెస్‌లో భోంచేసి రాగానే తోమేసుకుని, ఆ తర్వాత మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టకుండా చదువుకోండి. అర్ధరాత్రి చిరుతిండి అలవాటుకు కూడా ఇదే మందు.

రక్తం వస్తోందని తోమడం ఆపేస్తున్నారా?

ఇది చాలామంది చేసే పెద్ద పొరపాటు. చిగుళ్లనుంచి రక్తం వస్తోందంటే అక్కడ పాచి ఉందని అర్థం. ఆపేస్తే వాపు పెరుగుతుంది. మెత్తటి బ్రష్‌తో నెమ్మదిగా, శ్రద్ధగా తోముతూ ఉంటే వారం పది రోజుల్లో రక్తం తగ్గాలి. తగ్గకపోతే డాక్టర్‌కు చూపించండి.

‘క్లీనింగ్ చేయిస్తే పళ్లు వదులైపోతాయి’ అన్న మాట మనిళ్లలో బాగా వినిపిస్తుంది. అది అపోహ. గట్టిపడిన గార ఇంట్లో బ్రష్‌కు రాదు. డాక్టర్ దగ్గర తీయించుకోవాల్సిందే. గార పోయాక సందులు ఖాళీగా తగిలి వదులైనట్టు అనిపిస్తుంది, అంతే. చికిత్స సాగుతుండగా ఎన్నాళ్లకోసారి క్లీనింగ్ అవసరమో మీ డాక్టర్‌నే అడగండి.

సిగరెట్, గుట్కా అలవాటుంటే ఇదే మంచి తరుణం, మానేయండి. పొగ తాగేవాళ్లలో చిగుళ్లు పాడవుతున్నా రక్తం తక్కువగా వస్తుంది. జబ్బు ముదిరేదాకా బయటపడదు.

పండగ పిండివంటల మాటేంటి?

కడుపు మాడ్చుకోనక్కర్లేదు. రెండు సూత్రాలు గుర్తుంచుకుంటే చాలు. గట్టిగా ఉండేవి, సాగి అతుక్కునేవి వద్దు. ముందు పళ్లతో కొరికి లాగే పని వద్దు.

ఇడ్లీ, ఉప్మా, పప్పన్నం, పెరుగన్నం, గుడ్డు, చేప, అరటిపండు.. నిశ్చింతగా తినొచ్చు. చపాతీని చిన్న ముక్కలు చేసి దవడ పళ్లతో నమలండి. జామకాయ, యాపిల్ ముక్కలు కోసుకుని తినండి. మొక్కజొన్న పొత్తును కొరక్కుండా గింజలు ఒలుచుకోండి. చెరకు గడ మాత్రం ఈ రెండేళ్లు వదిలేయాల్సిందే. పల్లీపట్టి, గట్టి చెక్కలు, జంతికలు, వేయించిన శనగలు, ఐసుముక్కలు బ్రాకెట్లను ఊడగొడతాయి. బిర్యానీలో చికెన్‌ను ఎముక మీదినుంచి పళ్లతో పీక్కోకుండా చేత్తో విడదీసుకోండి. చాక్లెట్ టాఫీలు, జీళ్లు తీగకు పట్టుకుంటే ఓ పట్టాన వదలవు. అరిసెలు మెత్తగా ఉన్నాయంటే ఓ ముక్క తినండి, వెంటనే తోముకోండి.

బ్రాకెట్ ఒకటి ఊడితే ఏముందిలే అనుకోవద్దు. ఆ పన్ను కదలడం ఆగుతుంది. ఒక్కోసారి వెనక్కి కూడా వెళ్తుంది. పదే పదే ఊడితే ఆర్నెల్లు ఆలస్యమైనా ఆశ్చర్యపోనక్కర్లేదు.

ఇంకో చిన్న చిట్కా. తీగ చుట్టూ వేసే రంగులేని రబ్బర్లు పసుపు తగిలితే ఇట్టే పచ్చబడతాయి. సాంబారు, పులిహోర తినే మనకు అవి రెండో రోజుకే పసుపు పూసిన గడపలా తయారవుతాయి. తీగ మార్చేటప్పుడు బూడిద రంగువి అడగండి, మరక కనిపించదు.

టీ కొట్టు దగ్గరే ఉంది అసలు గొడవ

చక్కెర ఎంత తిన్నారన్నదానికంటే ఎన్నిసార్లు తిన్నారన్నది పళ్లకు ముఖ్యం. తీపి తగిలిన ప్రతిసారీ నోట్లో ఆమ్లం పెరుగుతుంది. మళ్లీ మామూలు స్థితికి రావడానికి అరగంట, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ పడుతుంది. పొద్దున ఒక టీ, పదకొండింటికి టీతో ఉస్మానియా బిస్కెట్, మధ్యాహ్నం కూల్‌డ్రింక్, సాయంత్రం మళ్లీ టీ, రాత్రి చదువుతూ ఇంకోటి. లెక్కేస్తే మీ పళ్లు రోజులో ఎంతసేపు ఆమ్లంలో నానుతున్నాయో చూడండి.

టీ మానేయమని చెప్పట్లేదు. ఐదుసార్లను రెండుసార్లు చేయండి. గంటసేపు చప్పరిస్తూ కూర్చోకుండా తాగేయండి. తాగాక నోటినిండా నీళ్లు పోసుకుని పుక్కిలించండి. కూల్‌డ్రింక్, నిమ్మసోడా తాగిన వెంటనే మాత్రం తోమొద్దు. ఆమ్లం తగిలి మెత్తబడిన ఎనామిల్‌ను బ్రష్ గీకేస్తుంది. అరగంట ఆగండి.

కంటికి కనబడని అలైనర్లు వాడేవారికీ ఇదే వర్తిస్తుంది. వాటిని రోజుకు 20 నుంచి 22 గంటలు పెట్టుకోవాలి, తినేటప్పుడు తీయాలి. అవి పెట్టుకునే టీ తాగితే చక్కెర నీళ్లు పన్నుకీ ప్లాస్టిక్‌కీ మధ్య ఇరుక్కుని అక్కడే ఉంటాయి. వేడి నీళ్లతో కడిగితే వంకరపోతాయి. మెస్‌లో టిష్యూలో చుట్టి ప్లేటు పక్కన పెడితే చెత్తబుట్టలోకి వెళ్లిపోతాయి. డబ్బాలో పెట్టడం అలవాటు చేసుకోండి.

నొప్పి, పుండు, గుచ్చుకునే తీగ

తీగ కొత్తగా వేసినప్పుడు, మార్చినప్పుడు రెండు మూడు రోజులు పళ్లు సలుపుతాయి. మెత్తటి తిండి తింటే సరిపోతుంది. తట్టుకోలేకపోతే డాక్టర్ చెప్పిన మాత్ర వేసుకోండి. బుగ్గ లోపల రాసుకుని పుండు పడితే గోరువెచ్చటి ఉప్పునీటితో పుక్కిలించండి. రాసుకునే బ్రాకెట్ మీద మైనం ఉండ చేసి అద్దండి. క్లినిక్‌లో ఇచ్చే ఆ మైనం డబ్బాను ఎప్పుడూ బ్యాగులో ఉంచుకోండి. చివర తీగ గుచ్చుకుంటుంటే శుభ్రమైన దూదిపుల్లతో మెల్లగా లోపలికి వంచి మైనం పెట్టండి. గోళ్లు తీసే కట్టర్‌తో కత్తిరించే సాహసం వద్దు, ముక్క గొంతులోకి జారొచ్చు. బ్రాకెట్ ఊడితే తీసి పారేయకుండా దాచి, క్లినిక్‌కు ఫోన్ చేయండి.

ఇంటర్వ్యూ వారం ప్లాన్ ఇలా..

‘క్లిప్పులతో ఇంటర్వ్యూకి వెళ్తే బాగుంటుందా?’ అన్నది చాలామందిని వేధించే ప్రశ్న. చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడటం, పెదవులు విప్పకుండా గొణగడం, నవ్వు ఆపుకోవడం.. ఇబ్బంది వీటితోనే కానీ క్లిప్పులతో కాదు. ఎదుటివారికి అవి మొదటి నిమిషం కనిపిస్తాయి, తర్వాత మీ మాటలే వినిపిస్తాయి. అయితే బ్రాకెట్ల మధ్య పాచి పసుపు పచ్చగా కనిపిస్తున్నా, నోటి వాసన వస్తున్నా ఆ మాట చెప్పలేం. ఇక్కడా మార్కులు శుభ్రతకే.

తీగ మార్పించుకునే అపాయింట్‌మెంట్ ఇంటర్వ్యూకు కనీసం వారం ముందు పడేలా చూసుకోండి. ముందురోజు బిగించుకుంటే నొప్పి మీద ధ్యాసే తప్ప ప్రశ్న మీద ఉండదు. కొత్తగా వేసుకున్నవారికి, లోపలివైపు క్లిప్పులున్నవారికి ‘స’, ‘త’, ‘ద’ లాంటి అక్షరాలు కొన్నాళ్లు తడబడతాయి. రోజూ పది నిమిషాలు పేపర్ పైకి చదవండి, నాలుక దారిలో పడుతుంది.

ఆ రోజు ఉదయం ఆవాలు, కరివేపాకు ఇరుక్కునే ఉప్మా కన్నా ఇడ్లీ మేలు. చిన్న సంచిలో బ్రష్, సందుల బ్రష్, చిన్న పేస్టు, మైనం, నీళ్ల సీసా పెట్టుకోండి. లోపలికి వెళ్లేముందు ఫోన్ కెమెరాలో ఒకసారి చూసుకోండి. అంతే, ఇక దాన్ని మర్చిపోండి.

సైన్యం వైపు వెళ్లాలనుకునేవారు మాత్రం క్లిప్పులు వేయించుకునే ముందే ఆలోచించాలి. సైన్యం వైద్య పరీక్షల్లో కనీసం 14 డెంటల్ పాయింట్లు ఉండాలన్న నిబంధన ఉంది. ఆరోగ్యంగా ఉన్న పళ్లనే లెక్కేస్తారు. ఎత్తు పళ్ల చికిత్సలో జాగా కోసం ఒక్కోసారి చిన్న దవడ పళ్లు తీయాల్సి వస్తుంది. మీ లక్ష్యం ఏంటో ఆర్థోడాంటిస్ట్‌కు మొదటిరోజే చెప్పండి. సైన్యమైనా, పోలీసు కొలువులైనా రాయబోయే పరీక్ష నోటిఫికేషన్లో వైద్య ప్రమాణాల పేజీ చదివి, చికిత్స ఎప్పటికి ముగియాలో ఇద్దరూ కలిసి లెక్క వేసుకోండి.

ఉద్యోగమొచ్చి ఊరు మారితే?

అసలైన పరీక్ష ఇది. ఆఫర్ లెటర్ వచ్చింది. వారంలో బెంగళూరులోనో, పుణెలోనో చేరాలి. క్లిప్పులు వేసిన డాక్టర్ గుంటూరులోనో, వరంగల్‌లోనో ఉండిపోతారు. ‘పండక్కి వచ్చినప్పుడు చూపించుకుంటాలే’ అనుకుంటారు. పండగ పోయి ఇంకో పండగ వస్తుంది. చూసేవాళ్లు లేకపోయినా తీగ తన పని తాను చేసుకుపోతూనే ఉంటుంది. పన్ను వెళ్లకూడని దిక్కుకు వెళ్లొచ్చు. ఊడిన బ్రాకెట్ కింద పాచి పేరుకుంటుంది. పళ్లు పాడయ్యే కథల్లో చాలావరకు మొదలయ్యేది ఇలాగే.

చేరే తేదీ తెలియగానే డాక్టర్‌ను కలవండి. నెలా రెండు నెలల్లో అయిపోయేదైతే ముగించే మార్గం అడగండి. ఇంకా చాలా ఉంటే ఎక్స్‌రేలు, మొదటి ఫొటోలు, చికిత్స వివరాల కార్డు, ఇప్పుడున్న తీగ వివరం, కట్టిన డబ్బు లెక్క తీసుకుని కొత్త ఊళ్లో మరో ఆర్థోడాంటిస్ట్ దగ్గర చేరండి. మధ్యలో చేపట్టిన కేసుకు కొత్త డాక్టర్ విడిగా ఫీజు అడుగుతారు. మొదటి జీతంలో కొంత దీనికి పక్కన పెట్టండి. రెండూ కుదరకపోతే తీయించేసుకుని తర్వాత మళ్లీ మొదలుపెట్టడం కూడా ఒక దారే. ఎవరూ చూడని తీగను నోట్లో ఏళ్లతరబడి ఉంచుకోవడం కన్నా అదే నయం.

తీసేశాక అయిపోయినట్టు కాదు

క్లిప్పులు తీసిన పళ్లకు పాత చోటు గుర్తుంటుంది. పట్టి ఉంచకపోతే మెల్లగా అటే జరుగుతాయి. అందుకే రిటైనర్ ఇస్తారు. మొదటి నెలల్లో దాదాపు రోజంతా, తర్వాత రాత్రిళ్లు, డాక్టర్ ఎన్నాళ్లు చెబితే అన్నాళ్లు పెట్టుకోవాలి. పన్ను వెనక అంటించే సన్నని తీగ రిటైనరైతే దాని చుట్టూ గార పట్టకుండా దారంతో శుభ్రం చేసుకోవాలి. ‘మూడు నెలలు పెట్టుకోలేదు, ఇప్పుడు పట్టట్లేదు’ అనే పరిస్థితి తెచ్చుకున్నారంటే రెండేళ్ల కష్టం వెనక్కి నడుస్తున్నట్టే.

ఇప్పుడు ఒక చిన్న పని చేయండి. ఫోన్ టార్చ్ వేసి అద్దంలో మీ బ్రాకెట్ల అంచులు చూసుకోండి. పాలిపోయిన పొర కనిపిస్తోందా? చిగురు బ్రాకెట్ మీదికి ఎక్కుతోందా? కనిపిస్తే కంగారుపడొద్దు. ఆర్హస్ విద్యార్థుల చిగుళ్లు వారంలో కోలుకున్నాయి. మీవీ కోలుకుంటాయి. రేపటి నుంచి అని కాకుండా ఈ రాత్రి భోజనం అవగానే మొదలుపెట్టండి. క్లిప్పులు తీసిన రోజు డాక్టర్ చేతికిచ్చే అద్దంలో ఏం కనిపించాలో తేలేది ఇప్పుడే.